పాపకు రెండేళ్ళ నాలుగు నెలలు, చెవికి ఇంప్లాంటు చేయించాలా? గుణుపురం నుంచి ఒక తల్లి

గుణుపురం అమ్మ
జూన్ 2, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. మాది గుణుపురం, పుట్టిల్లు పాతపట్నం. మా ఆయన నాకు మేనబావ, మా అత్తగారు సొంత మేనత్త. పాపకు ఇప్పుడు రెండేళ్ళ నాలుగు నెలలు. ఏడాది దాటినా 'అత్త', 'తాత' అనకపోతే, "మీ బావ కూడా మూడేళ్ళకు గానీ నోరు విప్పలేదు" అన్నారు అత్తయ్య. ఆ మాట పట్టుకుని చాలా కాలం గడిపేశాం. పోయిన దీపావళికి మా వీధిలో లక్ష్మీబాంబు పేలింది. పక్కింటి పిల్లలందరూ ఉలిక్కిపడి ఏడ్చారు. మా పాప నా ఒళ్ళో కూర్చుని నిప్పురవ్వలు చూసి నవ్వుతోంది. ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు.

గత నెల విశాఖలో, శబ్దం మెదడుకు చేరుతోందో లేదో చూసే బేరా పరీక్ష చేయించాం. రెండు చెవుల్లోనూ 90 డెసిబెల్స్ అంత పెద్ద శబ్దానికి కూడా స్పందన లేదని రాసిచ్చారు. ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే కాక్లియర్ ఇంప్లాంటు తప్ప మార్గం లేదు, ఆలస్యం చేయవద్దు అని ఐదు నిమిషాల్లో చెప్పి పంపారు. బయట వరండాలో ఒక పెద్దాయన తన కొడుకుతో చేతులతో మాట్లాడుతున్నారు. మా కాగితాలు చూసి "తొందరపడి కోయించవద్దమ్మా" అన్నారు. లోపలివారిది చదువు, బయటివారిది అనుభవం. ఎవరి మాట వినాలి?

ఆపరేషన్ అయితే అందరి పిల్లల్లా వింటుందా? మేము ఇంట్లో తెలుగు మాట్లాడతాం, వీధిలో, అంగన్‌వాడీలో ఒడియా. దగ్గరలో దొరికే శిక్షణ కూడా ఒడియాలోనే. పాపకు ఏ భాష వినిపించాలి? సైగలు అలవాటు చేస్తే ఇక మాట్లాడదని అందరూ భయపెడుతున్నారు. కానీ పాప తనంతట తానే సైగలు చేస్తోంది. నానమ్మ కావాలంటే ముక్కు పక్కన వేలు పెడుతుంది. అది అత్తయ్య ముక్కుపుడక. ఆపమని నేను చెయ్యి పట్టుకుంటే నా ముఖంలోకి చూస్తుంది. ఆ చూపు తట్టుకోలేకపోతున్నాను.

పర్లాకిమిడి మాస్టారు
జూన్ 2, రాత్రి 11:02

అమ్మా, నాకు 71 ఏళ్ళు. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాక ఒక్కొక్క శబ్దమే నన్ను విడిచి వెళ్ళింది. ముందు పిచ్చుకలు, తరవాత మనవరాలి గొంతు, ఆ తరవాత స, శ, త లాంటి హల్లులు. మనుషుల మధ్య కూర్చుని కూడా బావిలో ఉన్నట్టుండేది. నిశ్శబ్దం ఎంత చీకటో నేను అనుభవించాను. పసిబిడ్డను ఆ చీకటిలో ఉంచవద్దు. డబ్బు సంగతి తరవాత చూసుకోవచ్చు, వెంటనే చేయించండి.

రాయగడ ఆడియాలజిస్టు
జూన్ 3, ఉదయం 7:30

గుణుపురం అమ్మగారికి. వినికిడి పరీక్షలు, శిక్షణ నా వృత్తి. ముందుగా, అడగకపోయినా మీ మాటల్లో వినిపిస్తున్న ఒక బరువు గురించి. మన దేశంలో పుట్టు చెవుడుకు తరచుగా కనిపించే కారణాల్లో జీజేబీ2 అనే జన్యువులో మార్పు ఒకటి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, మారిన ప్రతులు రెండూ చేరితేనే బిడ్డకు చెవుడు వస్తుంది. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికంలో ఒకే మార్పు ఇద్దరి దగ్గరా ఉండే వీలు ఎక్కువ. మీ పాపకు కారణం ఇదేనో కాదో జన్యు పరీక్షలోనే తేలుతుంది. ఇదే అయినా అది కోడలి తప్పు ఎలా అవుతుంది? అత్తా కోడళ్ళది ఒకే ఇంటి రక్తం కదా.

ఇక యంత్రాల సంగతి. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో కాక్లియా ఉంటుంది. శబ్దాన్ని నాడికి అందించే లోపలి రోమకణాలు అందులో సుమారు 3,500. హియరింగ్ ఎయిడ్ శబ్దాన్ని పెద్దది చేస్తుంది, అంతే. అందుకునే కణాలు కొన్నయినా మిగిలి ఉండాలి. ఇంప్లాంటు ఆ కణాలను దాటుకుని నాడికి నేరుగా విద్యుత్తు అందిస్తుంది. కాక్లియా లోపలికి పంపే సన్నని తీగ మీద, తయారీదారును బట్టి, 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు ఉంటాయి. 3,500 మంది చేయవలసిన పనిని 22 మంది చేత చేయిస్తున్నామన్నమాట. కాబట్టి "అందరి పిల్లల్లా వింటుందా" అంటే, లేదు. మరో రకంగా వింటుంది. మాటలోని వేగం, విరుపు బాగా చేరతాయి. స్వరం ఎత్తుపల్లాలు సరిగా చేరవు. జోలపాటలో తాళం దొరుకుతుంది, రాగం చాలావరకు జారిపోతుంది.

అయినా డాక్టరుగారు తొందరపెట్టడానికి కారణం ఉంది. శబ్దం చెవిలోకి వచ్చినా దానికి అర్థం కట్టేది మెదడు. మెదడులో వినికిడి కోసం ఉన్న గది ఖాళీగా ఉంటే, అది తాళం వేసుకుని ఎదురుచూడదు. చూపు, స్పర్శ వచ్చి అందులో కాపురం పెడతాయి. పుట్టు చెవిటివారికి కదిలే చుక్కలు చూపిస్తే వినికిడి భాగం స్పందించిందని 2001లోనే స్కానింగుల్లో కనబడింది. అమెరికాలో అను శర్మ బృందం ఇంప్లాంటు పెట్టిన పిల్లల మెదడు తరంగాలను కొలిచింది. మూడున్నరేళ్ళలోపు పెట్టినవారి స్పందన త్వరగా తోటి పిల్లల స్థాయిని అందుకుంది. ఏడేళ్ళు దాటాక పెట్టినవారిలో చాలామందికి అందలేదు. మీ పాపకు ఇంకా సమయం ఉంది. కానీ ఎక్కువ లేదు.

శస్త్రచికిత్సకు ముందు సీటీ, ఎంఆర్‌ఐ తీసి వినికిడి నాడి సరిగా ఉందో లేదో చూడాలి. నాడే లేకపోతే ఇంప్లాంటు వల్ల ఉపయోగం ఉండదు. మెదడు పొరల వాపు (మెనింజైటిస్) రాకుండా టీకాలు వేయించాలి. ఈలోగా మంచి హియరింగ్ ఎయిడ్లు పెట్టి కొన్ని నెలలు శిక్షణ ఇచ్చి చూడాలి.

సైగల గురించి మీకు పెట్టిన భయానికి ఆధారం లేదు. పాప చెయ్యి పట్టుకోవద్దు.

బరంపురం మగ్గం
జూన్ 3, మధ్యాహ్నం 2:10

నేను పుట్టు చెవిటివాణ్ణి. 43 ఏళ్ళు. బరంపురంలో పట్టుచీరలు నేస్తాను. నా భార్య కూడా చెవిటిది. మా అబ్బాయి వింటాడు. వాడి మొదటి భాష సైగభాష, రెండోది తెలుగు, మూడోది ఒడియా.

మాస్టారుగారూ, మీరు పెద్దవారు, మీ బాధ నిజం. కానీ మీరు చెప్పిన చీకటి మీది. ఉన్నదాన్ని పోగొట్టుకున్నవారి చీకటి అది. నేను దేన్నీ పోగొట్టుకోలేదు. మగ్గం గుంటలో కూర్చుంటే నాడె అటు కొట్టిందో ఇటు కొట్టిందో నా కాళ్ళకు తెలుస్తుంది. పోగు తెగితే పక్క మగ్గం మీద వినే మనిషి కంటే ముందు నా వేళ్ళకు తెలుస్తుంది. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అని మీరంతా అంటారు. ఠాకురాణీ యాత్రలో వాయిద్యాలు దగ్గరికి వచ్చినప్పుడు నా రొమ్ములో ఏం జరుగుతుందో ఆ సామెత కట్టినవారు ఒక్కసారి అడిగి ఉండవలసింది.

నా బాల్యం గురించి చెబుతాను. అప్పటి యంత్రం ఛాతీకి కట్టే పెట్టె, దాని నుంచి రెండు చెవులకు తీగలు. దానిలో నాకు వచ్చింది గరగర మాత్రమే. బడి పేరు చెప్పను. అద్దం ముందు కూర్చోబెట్టి 'ప' పలికించడానికి పెదవుల ముందు కాగితం ముక్క పట్టుకునేవారు. కాగితం కదిలితే 'ప', కదలకపోతే 'మ'. చేతులు కదిపితే వేళ్ళ మీద స్కేలు. మూడేళ్ళలో నలభై మాటలు నేర్చుకున్నాను. వాటికి అర్థాలు సగం తెలియవు. తొమ్మిదో ఏట సెలవుల్లో మా వీధికి ఒక చెవిటి దర్జీ వచ్చాడు. ఆయన దగ్గర నాలుగు నెలల్లో నేర్చుకున్నది ఆ మూడేళ్ళ చదువుకు ఎన్నో రెట్లు. మా నాన్న ఎందుకు రోజూ సాయంత్రం బాధగా ఉంటాడో, వర్షం ఎలా వస్తుందో, చనిపోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. తొమ్మిదేళ్ళు వచ్చేదాకా నాకు ప్రశ్న అడగడం రాదు. అడగడానికి భాష లేదు.

1880లో ఇటలీలోని మిలాన్‌లో చెవిటి పిల్లల ఉపాధ్యాయులు సమావేశమై సైగభాషను బడుల నుంచి వెలివేశారు. అక్కడ ఓటు వేసినవారు దాదాపు అందరూ వినేవారే. 2010లో కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన అలాంటి సమావేశమే ఆ తీర్మానాలను తిరస్కరించి విచారం తెలిపింది. ఆ 130 ఏళ్ళలో నా బాల్యం కూడా ఉంది.

అమ్మా, ఇంప్లాంటు చేయించవద్దని నేను చెప్పను. నీ బిడ్డ, నీ నిర్ణయం. కానీ ఆపరేషన్ రోజు వరకు, యంత్రం ఆన్ చేసే రోజు వరకు, మాట వచ్చే రోజు వరకు పాప ఏ భాషలో ఆలోచించాలి? ముక్కు పక్కన వేలు పెట్టిందని రాశావు. మా వాళ్ళలో మనిషికి పేరు పెట్టే పద్ధతి సరిగ్గా అదే. రెండేళ్ళ పిల్ల ఎవరూ నేర్పకుండా నానమ్మకు పేరు పెట్టింది.

జయపురం విద్యార్థిని
జూన్ 3, రాత్రి 9:20

అక్కా, నాకు 19 ఏళ్ళు. నాలుగేళ్ళ వయసులో కుడి చెవికి ఇంప్లాంటు పెట్టారు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మీ పాప పెద్దయ్యాక ఎలా ఉండవచ్చో ఒక నమూనా అనుకుని చదవండి.

ఆపరేషన్ అయిన మూడు వారాలకు స్విచ్ ఆన్ చేశారట. ఫోనులో కొందరు చూపించే వీడియోల్లో పిల్లలు నవ్వుతారు కదా, నేను మాత్రం బల్ల కింద దూరి ఏడ్చానని అమ్మ చెబుతుంది. ఆరు నెలల వరకు అది శబ్దమని కూడా నాకు తెలియదు. తల లోపల ఎవరో గీకుతున్నట్టు ఉండేది. ఒకరోజు వంటింట్లో కుక్కరు కూతకూ ఆ గీకుడుకూ సంబంధం ఉందని అర్థమైంది. పరుగెత్తుకెళ్ళి కుక్కరును చూపించాను. అమ్మ గ్యాస్ ఆపేసి అక్కడే కూర్చుండిపోయిందట. తరవాత రెండేళ్ళు వారం వారం కిరండూల్ బండిలో విశాఖ. ఎక్కితే అరకు సొరంగాల మీదుగా గంటల తరబడి ప్రయాణం. అమ్మ దారి పొడవునా చెవి దగ్గర చెబుతూనే ఉండేది. వంతెన, కోతి, పకోడీ, సొరంగం. నా తెలుగు సగం ఆ రైలులో వచ్చింది.

ఇప్పుడు నేను ఫోనులో అమ్మతో మాట్లాడగలను. కొత్తవారితో కష్టం. తరగతిలో నాలుగు ఫ్యాన్లు తిరుగుతుంటే పాఠంలో సగమే అందుతుంది, మిగతాది పెదవులు చూసి పూరించుకుంటాను. పెదవులకు ప, బ, మ తేడా లేదు. పాప, మామ, బాబా అద్దంలో చూసి పలకండి, మూడూ దాదాపు ఒకటే. వినేవారికి తెలియని అలసట ఒకటి ఉంది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఒళ్ళు కాదు, తల అలసిపోయి ఉంటుంది. అప్పుడు చెవికి బయట పెట్టుకునే ప్రాసెసర్ తీసి డబ్బాలో పెట్టేస్తాను. ఆ గంట నాది. మాస్టారుగారు బావి అన్నారు, నాకు అది చెరువు గట్టు.

17వ ఏట సైగభాష నేర్చుకున్నాను. ముందే నేర్పలేదేమని అమ్మను అడిగాను. "వద్దన్నారమ్మా, భయపడ్డాను" అంది. ఆమె మీద నాకు కోపం లేదు. కానీ రాత్రి యంత్రం తీశాక నా చిన్నప్పుడు అమ్మా నేనూ మాట్లాడుకోలేకపోయిన రాత్రులన్నీ గుర్తొస్తాయి. స్నానం చేసేటప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, ఛార్జింగ్ అయిపోయినప్పుడు నేను చెవిటిదాన్నే కదా. ఇంప్లాంటు పెట్టినా పిల్ల చెవిటిదే. ఈ ఒక్క మాట ఆ రోజు అమ్మకు ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

కోరాపుట్ నాన్న
జూన్ 4, ఉదయం 6:05

రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. మా అబ్బాయికి ఆరేళ్ళ ఎనిమిది నెలలప్పుడు చేశారు. ఆ వయసుకు ఫలితం తక్కువగా ఉండవచ్చని మాకు ఎవరూ చెప్పలేదు. "పెట్టించండి, మాట్లాడతాడు" అన్నారు. ఎక్కడ, ఎవరు అన్నది ఇప్పుడు అనవసరం.

ఇప్పుడు వాడికి పదకొండు. బస్సు హారన్ వింటాడు, కుక్క అరుపు వింటాడు, పేరు పిలిస్తే పదిసార్లలో ఆరుసార్లు తిరుగుతాడు. వాక్యం అర్థం కాదు. యంత్రంలో తలకు బయట అంటించే కాయిల్ తీగ రెండుసార్లు తెగింది. ఇక్కడ ఎవరూ బాగుచేయరు. విశాఖ వెళ్ళి, కొత్తది తెప్పించుకుని, మళ్ళీ వెళ్ళి. రెండోసారి అది వచ్చేలోగా ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాల్లో వాడు హాయిగా ఉన్నాడు. అది నేను చూశాను. యంత్రం తిరిగి పెట్టబోతే నా చెయ్యి తోసేశాడు.

పోయిన ఏడాది చెవిటి పిల్లల వసతి బడిలో చేర్చాం. సెలవులకు వచ్చినప్పుడు చేతులు ఆగడం లేదు వాడికి. ఏదో పెద్ద కథ చెబుతున్నాడు, నవ్వుతున్నాడు, నాకు అర్థం కాలేదు. కన్నతండ్రిని, నాకు అర్థం కాలేదు. ఈ వయసులో నేను సైగలు నేర్చుకుంటున్నాను.

అమ్మా, మీ పాపకు వయసు ఉంది. చేయించండి. కానీ తీగ తెగితే ఎక్కడికి వెళ్ళాలి, ప్రాసెసర్ పాతబడితే కొత్తదానికి ఎంత, మ్యాపింగ్, అంటే యంత్రాన్ని పిల్లకు సరిపడేలా సర్దడం, ఎవరు చేస్తారు, ఈ మూడు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాయించుకుని తరవాతే సంతకం పెట్టండి.

మల్కనగిరి కిరాణా
జూన్ 4, ఉదయం 8:40

జన్యు చికిత్సతో చెవిటి పిల్లలకు వినికిడి వచ్చిందని పత్రికలో చదివాను. రెండేళ్ళు ఆగితే ఆపరేషనే అవసరం ఉండదేమో కదా?

రాయగడ ఆడియాలజిస్టు
జూన్ 4, మధ్యాహ్నం 1:15

మీరు చదివింది నిజమే. 2024 జనవరిలో చైనా నుంచి ఆ ఫలితాలు ప్రచురించారు. ఆరుగురు పిల్లలకు ఇస్తే ఐదుగురిలో వినికిడి మెరుగుపడింది. కానీ అది ఓటీఓఎఫ్ అనే ఒక జన్యువులో లోపం ఉన్నవారికే. పుట్టు చెవుళ్ళలో అది చిన్న భాగం. దానికోసం ఎదురుచూస్తూ కూర్చుంటే పాప మెదడు ఆగదు. దయచేసి ఆగమని చెప్పవద్దు.

కోరాపుట్ నాన్నగారూ, మీ మూడు ప్రశ్నలు మా వృత్తిలో ఉన్నవాళ్ళం అందరం గోడకు అంటించుకోవాలి.

గుణుపురం అమ్మ
జూన్ 4, రాత్రి 10:50

ఇవన్నీ మా ఆయనకు చదివి వినిపించాను. కోరాపుట్ అన్నగారు రాసినదాని దగ్గర లేచి బయటకు వెళ్ళారు. చాలాసేపటికి వచ్చి "రేపటి నుంచి చెయ్యి పట్టుకోవద్దు" అన్నారు. అత్తయ్యకు మాత్రం ఇంకా కోపంగా ఉంది. సైగలు చేస్తే వీధిలో పిల్లకు 'మూగది' అని పేరు పడుతుందని ఆమె దిగులు.

ఖర్చు చూస్తే ఆరు లక్షల పైమాట. నాన్న పాతపట్నం నుంచి ఫోను చేసి, ఆంధ్రా రేషన్ కార్డులో పాప పేరు ఎక్కిద్దాం, అక్కడి ఆరోగ్య పథకంలో చేస్తారు అంటున్నారు. మాకూ పాతపట్నానికీ మధ్య ఎంత దూరమని. భాష ప్రశ్నకు కూడా ఎవరైనా జవాబు చెప్పండి.

రాయగడ ఆడియాలజిస్టు
జూన్ 5, ఉదయం 7:10

కార్డు మార్పిడి వద్దు. మధ్యలో పట్టుబడితే చికిత్సే ఆగిపోతుంది. కేంద్ర ప్రభుత్వం, వికలాంగులకు పరికరాలు ఇచ్చే ఏడిఐపి పథకం కింద 2014 నుంచి చిన్నపిల్లలకు ఇంప్లాంట్లు ఇస్తోంది. ఆరు లక్షల రూపాయల పరిమితితో మొదలైంది. ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ దాన్ని నడిపిస్తుంది. కేంద్రానిది కాబట్టి మీరు ఒడిశావారైనా, ఆంధ్రావారైనా ఒకటే. తల్లిదండ్రుల ఆదాయ ధ్రువపత్రం, వైకల్య ధ్రువపత్రం సిద్ధం చేసుకోండి. శస్త్రచికిత్స తరవాతి శిక్షణ కూడా ఆ పథకంలో భాగమే.

భాష గురించి. మీరు ఏ భాషలో నవ్వుతారో, ఏ భాషలో కసురుకుంటారో, నిద్రలో ఉలిక్కిపడితే ఏ భాషలో "అమ్మా" అంటారో ఆ భాషలో మాట్లాడండి. థెరపిస్టు వారానికి ఒక గంట ఉంటుంది, మీరు రోజుకు పన్నెండు గంటలు ఉంటారు. ఇల్లు తెలుగైతే తెలుగే. ఒడియా తరవాత వస్తుంది, రెండు భాషలు మోయలేనంత చిన్నది కాదు మెదడు. నాకు ఎప్పుడూ ముచ్చట కలిగించే విషయం ఒకటి చెబుతాను. పలు, పాలు, కల, కల్ల, ఇలా తెలుగులో ఎన్నో మాటలకు తేడా అంతా నిడివిలో ఉంది. నిడివి, విరామం ఇంప్లాంటు బాగా అందించే సంగతులే. క, ఖ లాంటి జంటల దగ్గరే పిల్లలు ఎక్కువగా తడబడడం నేను చూస్తుంటాను.

సైగభాషకూ మాటకూ మెదడులో పోట్లాట లేదు. సైగభాష మాట్లాడే చెవిటివారికి ఎడమ మెదడు దెబ్బతింటే, చేతులు మామూలుగా కదులుతున్నా సైగలలోని వాక్యం చెదిరిపోతుంది. వినేవారికి మాట పోయినట్టే. అంటే మెదడు దాన్ని అభినయంగా కాక భాషగానే దాచుకుంది. అసలు భాషే లేకుండా ఐదేళ్ళు గడిస్తే మాత్రం ఆ లోటు పూడ్చడం చాలా కష్టం. నేను చూసిన పిల్లల్లో అన్నిటికంటే నన్ను ఏడిపించినవారు వాళ్ళే. యంత్రం ఉంది, భాష లేదు.

పర్లాకిమిడి మాస్టారు
జూన్ 5, సాయంత్రం 5:45

బరంపురం మగ్గంగారూ, రెండు రోజులుగా మీ మాటే మనసులో తిరుగుతోంది. చీకటి నాదే. దాన్ని పాప మీద కప్పాను. మన్నించండి.

మా ఊరి గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకొచ్చారు. సవర భాష నేర్చుకోవడానికి కొండల్లో తిరిగి, మలేరియా పట్టుకుని, క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నారు. ఆ మనిషే జీవితమంతా జనం నోట పలికే తెలుగు కోసం పోరాడారు. 1931లో సవర భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. లిపి లేదని, కొండవాళ్ళ కూతలని అందరూ తోసేసిన భాషకు వ్యాకరణం ఉందని చూపించారాయన. తరగతిలో ఎన్నో ఏళ్ళు ఈ కథ చెప్పాను. సైగభాష గురించి మాత్రం, మిగతా లోకం సవరను చూసినట్టే, నేనూ చూశానని ఇప్పుడు తెలిసింది.

మరొక మాట, నావంటి ముసలివారి కోసం. నా హియరింగ్ ఎయిడ్ కొన్న కొత్తలో ఎనిమిది నెలలు సొరుగులో పడి ఉంది. పళ్ళెం చప్పుడు పిడుగులా ఉండేది. ఏళ్ళ తరబడి వినని శబ్దాలను మెదడు మళ్ళీ నేర్చుకోవాలని, రోజూ పెట్టుకుంటేనే సర్దుకుంటుందని తరవాత తెలిసింది. అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ళవారి మీద మూడేళ్ళు చేసిన పరిశోధన 2023లో వచ్చింది. అందరినీ కలిపి చూస్తే జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తగ్గడంలో తేడా లేదు, కానీ ముందే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారిలో హియరింగ్ ఎయిడ్లు ఆ తగ్గుదలను దాదాపు సగం నెమ్మదింపజేశాయి. సొరుగులో ఉన్నవి తీసి పెట్టుకోండి.

బరంపురం మగ్గం
జూన్ 5, రాత్రి 8:30

మాస్టారుగారూ, మన్నింపు ఎందుకు. గిడుగువారి సంగతి మా అబ్బాయి చదివి సైగల్లో చెప్పాడు, నా భార్య కళ్ళు తుడుచుకుంది.

గుణుపురం అమ్మకు ఒక సంగతి. ఇక్కడ తెలుగువారు, ఒడియావారు ఒకరి మాట ఒకరికి అర్థం కాక బజారులో తంటాలు పడతారు. 1936లో ఒడిశాను వేరే రాష్ట్రం చేసి గీత గీసినప్పటి నుంచి మీకు ఈ బాధ ఉంది. మాకు లేదు. శ్రీకాకుళం చెవిటివాడు, కటక్ చెవిటివాడు, కొన్ని సైగలు మారినా, టీ తాగేలోపు స్నేహితులైపోతారు. ఢిల్లీలోని భారతీయ సైగభాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి పది వేల పదాల నిఘంటువు తయారుచేసింది. వీడియోలు ఉచితం. మీరు, మీ ఆయన రోజుకు ఐదు నేర్చుకోండి. అత్తగారికి నేర్పవద్దు, పాపనే నేర్పనివ్వండి.

ఆదివారం నా భార్య వీడియో కాల్‌లో పాపతో మాట్లాడతానంది. మీకు ఇష్టమైతే నాకు విడిగా సందేశం పెట్టండి.

గుణుపురం అమ్మ
జూన్ 24, రాత్రి 9:30

ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించండి. ఎంఆర్‌ఐలో రెండు నాడులూ బాగున్నాయని వచ్చింది. పథకానికి దరఖాస్తు పెట్టాం. కోరాపుట్ అన్నగారి మూడు ప్రశ్నలు కాగితం మీద రాసి తీసుకెళ్ళాను. మొదటి దానికి, మూడో దానికి జవాబు రాసి సంతకం పెట్టి ఇచ్చారు. రెండోదానికి కంపెనీని అడిగి చెబుతామన్నారు. చెప్పేదాకా అడుగుతూనే ఉంటాను. ఇంప్లాంటు చేయిస్తున్నాం. సైగలూ నేర్పుతున్నాం.

ఆదివారం కాల్ గురించి చెప్పాలి. పాప ఫోనులో ఏదైనా రెండు నిమిషాలకు మించి చూడదు. బరంపురం అక్క చేతులు కదపడం మొదలుపెట్టగానే నోరు తెరిచి, బొమ్మ కింద పడేసి చూసింది. నలభై నిమిషాలు. పాప వైపు చూసి మాట్లాడేవాళ్ళు ఇంత కాలం ఎందరో ఉన్నారు, పాపతో మాట్లాడినది ఆవిడే మొదలు. మూడో రోజు మధ్యాహ్నం పాప అత్తయ్య దగ్గరికి వెళ్ళి 'నీళ్ళు' సైగ చేసింది. అత్తయ్య కాసేపు అలాగే నిలబడి, గ్లాసు తెచ్చి ఇచ్చారు. పాప తాగేసి మళ్ళీ అదే సైగ చేసింది. దాహం తీరిపోయినా ఐదుసార్లు అడిగింది, ఐదుసార్లూ ఇచ్చారు. సాయంత్రం నన్ను పిలిచి "అన్నానికి ఏం చేస్తారు?" అని అడిగారు.

ఒక ఇబ్బంది ఉంది. హియరింగ్ ఎయిడ్లు పెట్టి పది రోజులైంది. ఈ ఉక్కకు చెమట పట్టి, చెవిలో పెట్టే మోల్డ్ జారిపోతోంది, కూత పెడుతోంది. నిన్న పీకి బియ్యం డబ్బాలో పడేసింది. ఏం చేయాలి?

రాయగడ ఆడియాలజిస్టు
జూన్ 25, ఉదయం 7:05

కూత వస్తోందంటే మోల్డ్ వదులైందని అర్థం. ఈ వయసులో చెవులు త్వరగా పెరుగుతాయి, మోల్డ్‌లు తరచుగా మార్చవలసిందే. రాత్రిపూట యంత్రాలు సిలికా జెల్ పొట్లాలతో గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి, బ్యాటరీ తలుపు తెరిచి. పగలు రెండింటికీ దారం కట్టి గౌను వెనక క్లిప్పుతో తగిలించండి, పీకినా పోవు. బియ్యం డబ్బాలో పడినదాన్ని మెత్తటి కుంచెతో శుభ్రం చేయండి, నీళ్ళు తగలనివ్వవద్దు.

మంగళవారం రండి, కొత్త అచ్చు తీద్దాం. అత్తగారిని కూడా తీసుకురండి.